చెవి సాక్ష్యం

మిషన్ల గది,
ఆదివారం మధ్యాహ్నం

వదినగారికి,

నమస్కారాలు. ఉత్తరం చూడగానే కొంప మునిగిందనుకోకండి. కొంచెమే మునిగింది. ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తోందని మీరు అలిగారట. ఏం చెయ్యమంటారు? మా ఇంట్లో ఫోన్‌లో ఏం మాట్లాడినా మీ తమ్ముడి చెవిన పడుతుంది. ఆయన చెవి సంగతి మీకు కొత్తా! వంటింట్లో కుళాయి చుక్క పడితే ముందుగదిలోంచి, "వాషర్ అరిగింది" అంటారు. అందుకే ఈ కాగితం.

పక్షవాతం వచ్చాక ఆయన కుడిచెయ్యి ఇప్పటికీ లేవడం లేదు. కానీ పొద్దున్నే గడ్డం గీయమని గోల. ఎనిమిదయ్యేసరికి బల్ల పక్క కుర్చీలో ఉండాలి. ఆ పాత చేతి కుట్టుమిషన్లు ఊడదీసేదీ బిగించేదీ నేనే, పిడి తిప్పేదీ నేనే. ఆయన కళ్ళు మూసుకుని వింటారు. "ఆపు. కింద దారం షటిల్ రాసుకుంటోంది. ఆ స్క్రూ అరచుట్టు వెనక్కి." నేను తిప్పుతాను. గరగర పోతుంది. అప్పుడు ఆయన మొహం చూడాలి వదినగారూ! డాక్టరు ఇచ్చిన మందులన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. ఈ పనే లేకపోతే మనిషి ఎప్పుడో మంచానికి అతుక్కుపోయేవాడని నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఇంతకీ జరిగిందేమిటంటే, మనం ఆ అమ్మకాల సైటులో పెట్టిన నల్లమిషన్‌ని ఒకడు కొన్నాడు. మొహం ఫోటోకి బదులు కారు బొమ్మ పెట్టుకున్నవాడు. పది రోజుల తర్వాత "పని చెయ్యడం లేదు" అని వెనక్కి పంపేశాడు. నేను పిడి ఒక్కసారి తిప్పానో లేదో, "ఇది మన షటిల్ కాదు" అన్నారు మీ తమ్ముడు. విప్పి చూద్దును కదా, అరిగి తుప్పుపట్టిన షటిల్! మనది పీకేసుకుని వాడి పాతది ఇందులో పెట్టి తిప్పి పంపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సైటువాళ్ళకి రాస్తే, మంచి షటిల్‌తో పంపినట్టు ఫోటో సాక్ష్యం చూపించమన్నారు. నా మొగుడి చెవే సాక్ష్యం బాబూ అంటే ఒప్పుకుంటారా? వాడి డబ్బు వాడికి ఇచ్చేశారు. పైగా వాడు ఒక్క స్టార్ పడేసి, కింద "తుప్పు సరుకు. దొంగలు" అని రాశాడు.

ఆ మాట మాత్రం ఆయనకు చదవలేదు. ఎవరూ ఏమీ రాయలేదని చెప్పాను.

మీ మరదలు


హాస్పిటల్ క్వార్టర్స్,
గురువారం

ఒసే మరదలా,

నీ ఉత్తరం చదివి ఆ కారు బొమ్మవాడిని నా వార్డులో పడుకోబెట్టి సూది మీద సూది పొడవాలనిపించింది. దొంగలట! మా చంటిగాడిని పట్టుకుని! చిన్నప్పుడు పక్కింటివాళ్ళ పెన్సిల్ ముక్క దొరికినా పరిగెత్తుకెళ్ళి ఇచ్చొచ్చేవాడు వెర్రివాడు.

వాడికి చెప్పకపోవడమే మంచిది. ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసినదాన్ని, ఎవరికి ఏ మాట ఎప్పుడు చెప్పాలో నాకు తెలుసు. నిజం కూడా మందులాంటిదే. మోతాదు చూసి ఇవ్వాలి.

అన్నట్టు ఈ స్టార్ల లెక్క నాకు సరిగ్గా చెప్పు. ఎన్ని తగ్గితే ఏమవుతుంది? మంచివి పడితే చెడ్డవి చెరిగిపోతాయా? ఎవరైనా వెయ్యొచ్చా, కొన్నవాళ్ళే వెయ్యాలా? ఊరికే అడుగుతున్నాను.

నువ్వు కూడా వేళకి తిను. వాడికి పెట్టి నువ్వు మర్చిపోయే రకం.

వదిన


మిషన్ల గది,
సోమవారం

వదినగారికి,

మళ్ళీ ఇంకొకామె తగిలింది. మిషన్ బ్రహ్మాండంగా ఉందని మెసేజ్ పెట్టింది. మర్నాడు, "సగం డబ్బు వెనక్కి ఇస్తావా, ఒక్క స్టార్ వెయ్యమంటావా" అంది. ఇంత పచ్చిగా అడుగుతారా మనుషులు! ఇవ్వనని రాశాను. వేసేసింది. "శబ్దానికి చెవులు చిల్లులు పడుతున్నాయి" అని రాసింది. శబ్దమట! ఆ మిషన్‌కి మీ తమ్ముడు మూడు వారాలు చెవి ఒగ్గి కూర్చున్నారు వదినగారూ. నేను బాత్రూంలో కూర్చుని, కుళాయి తిప్పుకుని ఏడ్చాను, వినపడకుండా.

మీరు అడిగారు కనుక చెబుతున్నాను. కొన్నవాళ్ళే స్టార్లు వెయ్యాలి. సగటు మూడుకి తగ్గితే సైటులో మన షాపు మూసేస్తారు. ఇప్పుడు సరిగ్గా అంచున ఉన్నాం. హెచ్చరిక కూడా వచ్చింది. పాత మిషన్లు వీధిలో పెట్టుకుని అమ్మే రోజులు పోయాయి, ఆ షాపు మూతపడితే కొనేవాళ్ళు మాకు ఎక్కడ దొరుకుతారు? కొనేవాళ్ళు లేకపోతే బాగుచెయ్యడం ఎవరికోసం? పొద్దున్నే ఆయన్ని ఏం చెప్పి లేపను?

ఆయన మాత్రం "ఎవరూ ఏమీ రాయడం లేదేమిటే" అని రోజూ అడుగుతున్నారు.

మీ మరదలు


హాస్పిటల్ క్వార్టర్స్,
శనివారం

మరదలా,

ఏడుపు కట్టిపెట్టు. లోకంలో అందరూ ఆ కారు బొమ్మవాళ్ళే కాదు. మంచివాళ్ళూ ఉంటారు, కాస్త ఆలస్యంగా వస్తారంతే. అమ్మకానికి ఉన్న మిషన్లన్నీ సైటులో పెట్టు. ఫోటోలు వెలుతురులో తియ్యి. అంతా మంచే జరుగుతుందని నా మాటగా చంటిగాడికి చెప్పు.

వదిన


మిషన్ల గది,
బుధవారం

వదినగారూ,

మీ నోటి చలవ! ఒకటి కాదు, నాలుగు మిషన్లు అమ్ముడుపోయాయి! అదీ మీ ఊరికే! నాలుగు వేరువేరు ఇళ్ళకి. మీ ఊరివాళ్ళకి ఇంత మంచి బుద్ధి ఉందని తెలిస్తే మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఊరికే ఆడిపోసుకునేదాన్ని కాదు.

నాలుగింటికీ నాలుగు ఐదు స్టార్లు! ఊరికే బాగుంది అని కాదు, మనసుపెట్టి రాశారు. ఒకావిడ ఏం రాసిందంటే, "మా పాప పక్కనే నిద్రపోతోంది. గౌను మొత్తం కుట్టేశాను. పాప లేవలేదు" అని. నేను చదివి వినిపించాను. కాసేపయ్యాక మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. సాయంత్రం మూడోసారి. అప్పుడు నవ్వారు వదినగారూ. మూతి వంకరగానే, కానీ నవ్వే. "చూశావా, పిల్ల లేవలేదట" అన్నారు. ఎదురింటి ముసలాయన వస్తే ఆయనకూ చెప్పారు. మాట ముద్దగా వస్తుందని మూడు నెలలుగా బయటివాళ్ళతో నోరు విప్పని మనిషి!

ఇప్పుడు కొత్తగా రెండు డొక్కు మిషన్లు తెమ్మని ప్రాణం తీస్తున్నారు. ఆ పాప పేరేమిటో కనుక్కోమంటున్నారు. సైటులో అలా అడగకూడదండీ అని సముదాయించాను.

మీ మరదలు


హాస్పిటల్ క్వార్టర్స్,
సోమవారం

మరదలా,

చాలా సంతోషం. నవ్వాడన్నావు చూడు, ఆ ముక్క దగ్గర ఆగి పదిసార్లు చదువుకున్నాను. డ్యూటీ ఎక్కువగా ఉంది, పెద్దగా రాయలేను. ఆ పాప గురించి మరీ అడగనివ్వకు. వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకి ఉంటాయి.

వదిన


మిషన్ల గది,
శుక్రవారం

వదినగారికి,

షాపు మూసేశారు. స్టార్లు తగ్గినందుకు కాదు. "మీ దుకాణానికి వచ్చిన నాలుగు మెప్పులు నకిలీవి. నాలుగు మిషన్లకూ డబ్బు ఒకే కార్డు నుంచి వచ్చింది. మీరే మీ మనుషులతో రాయించుకున్నారు" అని రాశారు. ఇక మళ్ళీ తెరవడానికి లేదు. మా పేరు మీద కొత్తది పెట్టడానికీ లేదు.

ఆ కార్డు ఎవరిదని నేను అడగను. అడగాల్సిన పని లేదు. ఒకే ఊరి నుంచి నలుగురు అన్నప్పుడే నా బుర్ర పనిచెయ్యాల్సింది. సంతోషంలో కళ్ళు మూసుకుపోయాయి.

వదినగారూ, ఆ కారు బొమ్మవాడు నా షాపు మూయించలేకపోయాడు. ఆ మహాతల్లీ మూయించలేకపోయింది. వాళ్ళు ఎంత తిట్టినా మేం అంచున నిలబడే ఉన్నాం. నాకు మీ మీద కోపంగా ఉంది. మీ మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు, అయినా వస్తోంది.

ఆయనకు ఇంకా చెప్పలేదు. సైటు మరమ్మతులో ఉందన్నాను.

మీ మరదలు


హాస్పిటల్ క్వార్టర్స్,
మంగళవారం

అమ్మడూ,

నేనే. డబ్బు నాదే, పేర్లు మా నర్సులవి, మిషన్లు వాళ్ళ ఇళ్ళకి తెప్పించి, ఆటోలో నా గదికి చేర్చుకున్నాను. రాత నాదే. పాపా లేదు, గౌనూ లేదు. చంటిగాడికి ఏ మాట చెవికి ఇంపుగా ఉంటుందో నాకు తెలుసు, అందుకని పెట్టాను.

ఇంత జరుగుతుందని తెలిస్తే చెయ్యి విరగ్గొట్టుకునేదాన్ని. ఎవరో దారినపోయేవాళ్ళు అబద్ధాలు రాసి వాడిని ముంచుతుంటే, సొంత అక్కను, నేను నాలుగు మంచి అబద్ధాలు రాస్తే తప్పా అనుకున్నాను. ఆ సైటువాళ్ళకి ఉత్తరాలు రాశాను. అక్కడ మనిషంటూ ఉన్నట్టు లేదు, ఎన్నిసార్లు రాసినా ఒకటే జవాబు.

మిషన్లు నా మంచం కింద ఉన్నాయి. నిజం చెప్పాలంటే అట్టపెట్టెలు కూడా విప్పలేదు. నాకు కుట్టడం ఎక్కడ వచ్చు?

నన్ను ఎంత తిట్టినా పడతాను. వాడికి మాత్రం చెప్పకు. నీకు పుణ్యం ఉంటుంది, చెప్పకు.

వదిన


మిషన్ల గది,
సోమవారం

వదినగారికి,

చెప్పాల్సి వచ్చింది. మీ ఉత్తరం వచ్చిన చప్పుడు ఆయన విన్నారు. చదవమన్నారు. నేను పైపైన, నాకు తోచిన నాలుగు ముక్కలు చదువుతున్నట్టు నటించాను. "లైన్లు దాటేస్తున్నావ్. నీ గొంతు ఎక్కడికక్కడ తెగుతోంది. మొత్తం చదువు" అన్నారు. చదివాను.

షాపు మూసేశారని నేనే చెప్పాను, విన్నారు. మీరు రాశారన్న దగ్గరా ఊరికే విన్నారు. పాప లేదన్నప్పుడు, "లేదా?" అని మాత్రం అడిగారు. పెట్టెలు విప్పలేదన్న దగ్గరికి వచ్చేసరికి కుర్చీ చేతిమీద ఎడంచెయ్యి బిగుసుకుంది. "అక్క కనీసం ఒక్కసారైనా తిప్పి వినలేదా" అన్నారు. అంతే.

మర్నాటి నుంచి గడ్డం గీయమనలేదు. మంచం దిగలేదు. ఎదురింటాయన వస్తే కళ్ళు మూసుకుని నిద్ర నటించారు. నేను బల్ల దగ్గర కూర్చుని ఊరికే పిడి తిప్పితే, "ఆపవే, చెవులు నొప్పి" అన్నారు.

మీ మరదలు


హాస్పిటల్ క్వార్టర్స్,
ఆదివారం

అమ్మడూ,

ఈ ఉత్తరం వాడికి మొత్తం చదువు. ఒక్క అక్షరం వదలకు.

ఒరేయ్ చంటీ, నాలుగు పెట్టెలూ విప్పించానురా. మా హాస్పిటల్లో చిరిగిన దుప్పట్లు కుట్టే గది ఉంది. నాలుగూ అక్కడ పెట్టించాను. ఇద్దరు కుట్టు అమ్మాయిలు ఉన్నారు, వాళ్ళు రోజంతా తిప్పుతున్నారు. మూడు మిషన్లు చక్కగా నడుస్తున్నాయి. ఆకుపచ్చది మాత్రం కుట్టు వదిలేస్తోందట. నాలుగు కుట్లు పడి ఒకటి ఎగిరిపోతోంది. చిన్నగా టిక్కుమని శబ్దం కూడా వస్తోందంటున్నారు. ఇక్కడి మెకానిక్ చూసి, నావల్ల కాదు, బాగుచేసినవాడికే పంపండి అన్నాడు. నువ్వు మంచమెక్కి కూర్చుంటే దీన్ని ఎవడు చూస్తాడు? అమ్మిన సరుకుకి బాధ్యత లేదా?

అక్క


మిషన్ల గది,
గురువారం

వదినగారూ,

లేచారు! "ఆకుపచ్చదా? దాని సూది కడ్డీ నాకు మొదట్నుంచీ అనుమానమే. పంపమను" అన్నారు. నేను ఎంత బతిమాలినా లేవని మనిషి, ఒక్క ఫిర్యాదుకి లేచి కూర్చున్నారు. గడ్డం గీయించుకున్నారు. బల్ల తుడవమన్నారు. వెంటనే పంపండి.

మీ మరదలు


మిషన్ల గది,
శనివారం

వదినగారికి,

మిషన్ చేరి రెండు వారాలైంది. ఎందుకు రాయలేదంటే, ఏం రాయాలో తెలియలేదు.

వచ్చిన రోజే బల్లకెక్కించాం. నేను తిప్పాను. ఆయన విన్నారు. మళ్ళీ తిప్పమన్నారు. మెల్లగా, గట్టిగా, పలచటి గుడ్డ మీద, మందపాటి దుప్పటి మీద. గుడ్డలన్నీ వెలుతురులో పెట్టి చూశాను. ఒక్క కుట్టూ ఎగరలేదు. "బాగానే ఉందండీ" అన్నాను. "నీకు తెలియదు. అక్కడ వాళ్ళకి వినపడింది కదా" అన్నారు. మొత్తం విప్పించారు, బిగించారు, మళ్ళీ విప్పించారు. రెండు వారాలూ ఇదే. తిండి వేళకి కూడా చెయ్యి చూపించి ఉండమనేవారు.

నిన్న సాయంత్రం పిడి మీద నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "నా చెవి పోయిందే" అన్నారు. "కుట్టు పిల్లలకి వినపడుతోంది, ఆ ఊరి మెకానిక్‌కి తెలిసింది. నాకు ఏమీ వినపడటం లేదు. అంతా శుభ్రంగా ఉన్నట్టే ఉంది." తర్వాత నన్ను మెల్లగా అడిగారు. "ఆ కారు బొమ్మవాడి షటిల్ కూడా మనదేనేమో? వాడిని అనవసరంగా అనుమానించానేమో?" అని. "శబ్దం ఎక్కువ అని ఇంకెవరైనా రాశారా? నాకు చదవకుండా దాచావా?" అని కూడా అడిగారు. నేను అబద్ధమాడలేకపోయాను. ఉందండీ, ఒకావిడ రాసింది అన్నాను. తల ఊపారు.

చెయ్యి పోయింది, కాలు పోయింది, మాట సగం పోయింది. వాటికి ఆయన ఏడవలేదు. నిన్న ఏడ్చారు.

వదినగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆకుపచ్చది నిజంగా కుట్టు వదిలిందా?

మీ మరదలు


హాస్పిటల్ క్వార్టర్స్,
బుధవారం

అమ్మడూ,

వదల్లేదు. ఎక్కడా వదల్లేదు. దాని అంత బాగా నడిచే మిషన్ తాము చూడలేదని కుట్టు అమ్మాయిలు అన్నారు. మెకానిక్ కూడా లేడు. వాడిని మంచం మీంచి లేపాలని, అదొక్కటే ఆలోచించాను. పంపాక వాడు ఏదో ఒకటి బిగించి, బాగైందంటాడు, అక్కడితో పోతుంది అనుకున్నాను. వాడు అలా అనే రకం కాదని నాకు తెలియదా? తెలిసీ రాశాను.

ఇది వాడికి చదువు. చంటీ, నా చదువు మీద, నా ఉద్యోగం మీద, నీ మీద ఒట్టు. నీ చెవి పోలేదు. నీకు ఏమీ వినపడలేదంటే అక్కడ ఏమీ లేదు కాబట్టి. నువ్వు విన్నదే నిజం. ఆ కారు బొమ్మవాడు దొంగే. ఆ ఆడమనిషి దొంగే. నేను అబద్ధాలకోరుని. ఇందరిలో సరిగ్గా ఉన్నది నీ చెవి ఒక్కటే. నేను సెలవు పెట్టి వచ్చి నీ ఎదురుగా చెప్పమన్నా చెబుతాను.

అక్క


మిషన్ల గది,
మంగళవారం

వదినగారికి,

మీ ఉత్తరం మొత్తం చదివాను. ఒక్క లైను దాటలేదు. నా గొంతు తెగలేదు, వణకలేదు. ఎంత స్పష్టంగా చదవగలనో అంత స్పష్టంగా చదివాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. అయిపోయాక ఇంకోసారి చదవమన్నారు. చదివాను. అప్పుడు చిన్నగా నవ్వారు. ఆ నిద్రపోయిన పాప గురించి విన్నప్పుడు నవ్విన నవ్వు కాదు.

"పాపం అక్క" అన్నారు. "నా కోసం మళ్ళీ రాసింది."

కాదండీ, ఇది నిజం అన్నాను. ఒట్టు పెట్టారు చూడండి అన్నాను. మిమ్మల్ని రమ్మంటాను, మీ నోటితోనే వినండి అన్నాను. "వస్తే మాత్రం ఏం చెబుతుందే? నీ చెవి పోయిందిరా అని నా మొహం మీద చెబుతుందా?" అన్నారు. నేను ఎదురుగా కూర్చుని, ఎన్ని సంగతులు దాచానో అన్నీ చెప్పి, ఇది మాత్రం దాచడం లేదండీ అన్నాను. నా తల మీద ఎడంచెయ్యి వేసి, "నువ్వు కూడా మంచిదానివే" అన్నారు.

మీ మీద కోపం లేదు ఆయనకి. మీకు తన మీద ఎంత ప్రేమో ఎదురింటాయనకి చెప్పుకున్నారు. నాకూ కోపం లేదు. ఇంత ప్రేమ ఉన్న ఇంట్లో ఒక మనిషికి తన చెవి బాగుందని నమ్మించగల మాట ఒక్కటి మిగల్లేదు. దానికి నేను ఎవరి మీద కోప్పడను?

మిషన్ మీద గుడ్డ కప్పమన్నారు. కప్పాను. పనిముట్లు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. అవి మాత్రం ఇవ్వలేదు, బీరువాలో పెట్టాను. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకున్నారు. వంటింట్లో కుళాయి కారుతోంది. ఆయనకి వినపడుతూనే ఉంటుంది, నాకు తెలుసు. ఏమీ అనడం లేదు.

మీరు తరచుగా ఉత్తరాలు రాయండి. మీ వార్డు సంగతులు రాయండి, కీళ్ళ నొప్పుల గురించి రాయండి, నర్సుల పోట్లాటల గురించి రాయండి. అన్నీ చదివి వినిపిస్తాను. మిషన్ల గురించి మాత్రం ఇక రాయకండి వదినగారూ. నిజమైనా సరే రాయకండి.

మీ మరదలు